ఒకటో నంబరు దగ్గర కాపలా

కొత్తగా గ్రంథాలయ ఉద్యోగంలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. బదిలీ గురించో, సర్వీసు రూల్సు గురించో అడిగి, లేవబోయే ముందు మొహమాటంగా నవ్వి, "సార్, మీరొక చార్టు గీశారట కదా" అంటారు. గీశాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా సంగతి నాలుగు ఊళ్ళకు తెలిసింది ఆ చార్టు వల్లే. దాని సాయంతో ఒక రచయితను మూడేళ్ళపాటు ఎవరూ చదవకుండా కాపాడగలిగాను. ఎలా కాపాడానో రాసిపెడితే, మీలో ఒకరిద్దరైనా ఆ తప్పు వదిలేసి మీకు తగిన వేరే తప్పులు చేసుకుంటారని ఈ నాలుగు ముక్కలు.

నా చివరి పోస్టింగు నరసరావుపేటకు బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక శాఖా గ్రంథాలయం. ఊరిపేరు రాయను. తప్పు ఊరిది కాదు. రెండు గదులు. ముందుగదిలో దినపత్రికలు, పొడుగు బల్లలు. వెనకగదిలో బీరువాలు, ఇనప ర్యాకులు. ముందుగది నిండా పోటీపరీక్షల పిల్లలే. పొద్దున్నే టిఫిన్ డబ్బాలతో వచ్చి, సాయంత్రం తాళం వేసేదాకా కదిలేవాళ్ళు కాదు. వాళ్ళకు కావాల్సినవి మూడు: ఫ్యాను, ప్లగ్గు, నిశ్శబ్దం. మొదటి రెండూ కరెంటు వాళ్ళ చేతిలో ఉండేవి. మూడోది నా చేతిలో ఉండేది కాబట్టి దాన్ని ధారాళంగా పంచేవాణ్ణి. నేను చూపుడువేలు పెదవుల దగ్గర పెట్టి "ఉష్" అంటే గోడమీద బల్లి కూడా ఆగేది. అదే పెద్ద విద్య అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఒక ముసలాయన ట్రాలీ ఆటోలో రెండు ట్రంకుపెట్టెలు దింపించాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఊళ్ళో సగంమంది ఆయన ఈలకు పరుగెత్తినవాళ్ళే. పెట్టెల నిండా ఒకే రచయిత పుస్తకాలు, నలభై రెండు. ఆ రచయిత రాసేవి మాయలు, మంత్రాలు, దెయ్యాలు, రాజులు. కానీ అన్నీ నవ్వించడానికే. ఒక కల్పిత రాజ్యం ఉంటుంది. అక్కడ దెయ్యాలకు చింతచెట్టు మీద కాపురమున్నందుకు ఇంటిపన్ను పడుతుంది. మాంత్రికులు మంత్రం వేయాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రతి పుస్తకంలో అదే రాజ్యం, కొత్త గొడవ.

"ఇంక నాకు అక్షరం ఆనదయ్యా" అన్నాడు మాస్టారు. "కంట్లో నరం ఎండిపోయిందంటున్నారు. ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను? ఇక్కడైతే ఎవురన్నా చదువుతారు. చదివితే నవ్వకుండా ఉండలేరు. నేనొచ్చి ఒక మూలన కూర్చుని ఆ నవ్వు వింటా. నాక్కావాల్సింది అంతే."

రసీదు రాసిచ్చాను. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఒక్క మాట. మొదటిది మొదట ఇవ్వమాక. ఆయన కుర్రతనంలో రాసింది అది, ఒట్టి రాజుల జాబితా. నడిమధ్య నుంచి ఏదో ఒకటి ఇయ్యి. నేను పద్నాలుగోది ముందు చదివా, మాచర్ల స్టేషన్లో రైలు లేటైతే. బతుకంతా పిల్లల్ని లైన్లో నిలబెట్టినోణ్ణి నేను. ఈ పుస్తకాల్ని మాత్రం లైన్లో నిలబెట్టమాక."

"అలాగే మాస్టారూ" అన్నాను. ఆయన ఆటో మలుపు తిరగ్గానే లైన్లో నిలబెట్టాను.

ఎందుకని మీరు అడగాలి. నేను పుస్తకాలు చదివేవాణ్ణి కాను. మీ ముందు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. వేరే పరీక్షలు తప్పి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. పుస్తకమంటే నాకు ఒక నంబరు, ఒక ర్యాకు, వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ. అది ఎక్కడుండాలో చెప్పగలను, అందులో ఏముందో చెప్పలేను. చెప్పలేనివాడికి వరస పెద్ద ఆసరా. "దేంతో మొదలుపెట్టమంటారు సార్" అని ఎవరైనా అడిగితే, చదివినవాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నేను ఆలోచించనక్కర్లేకుండా ఒకటో నంబరు చూపించేవాణ్ణి.

ఆ ఒకటో పుస్తకం నేనూ మొదలుపెట్టాను. ముప్పై ఒకటో పేజీ దాకా వెళ్ళాను. అప్పటికి పదకొండుమంది రాజులు పుట్టి, ఏడుగురు చనిపోయారు. ఇంకా ఎవరూ నోరు విప్పలేదు. పుస్తకం మూసేసి, ఆ ముప్పై ఒక్క పేజీల బలంతో చార్టు గీశాను.

కోటప్పకొండ తిరునాళ్ళకు తాటిచెట్టంత ఎత్తు ప్రభ కట్టేవాళ్ళు కూడా అంత శ్రద్ధ పెట్టరు. పెద్ద డ్రాయింగ్ షీటు, నాలుగు రంగుల స్కెచ్‌పెన్నులు. నలభై రెండు గళ్ళు, వాటి మధ్య బాణాలు. మాంత్రికుల కథలకు పచ్చ, దెయ్యాలకు నీలం, రాజులకు ఎరుపు. చదవకుండా ఏ కథ ఎవరిదని ఎలా తెలిసింది? అట్టమీద బొమ్మ చూసి. కిందుగా పెద్దక్షరాలతో ఒక వాక్యం: "పాఠకులు తప్పనిసరిగా ఒకటవ పుస్తకముతోనే ప్రారంభించవలెను." నరసరావుపేట తీసుకెళ్ళి లామినేషన్ చేయించాను. ముందుగదిలో ఒక మూల ఖాళీగా ఉంటే ఆ గోడకు తగిలించాను. సరిగ్గా ఆ చార్టు కిందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు మాస్టారు. ఆయనకు కనపడదు. ఎవరూ చెప్పలేదు. నేను అసలే చెప్పలేదు.

చార్టుకు మంచి పేరొచ్చింది. పరీక్షల పిల్లలు ఫోన్లతో ఫొటో తీసుకున్నారు. "సార్, ఈ రచయిత మీద బిట్లు వస్తాయా?" అని అడిగారు. రావచ్చన్నాను. మాచర్లలో ఉండే నా తోటి ఉద్యోగి ఫోన్ చేసి, "అదేదో మాక్కూడా పంపు బావా" అన్నాడు. పంపితే ప్రింటు తీయించి వాళ్ళ గోడకూ తగిలించాడు. ఆ రచయిత పుస్తకం వాళ్ళ దగ్గర ఒక్కటి కూడా లేదు. మా గ్రంథపాలకుల వాట్సాప్ గ్రూపులో అయితే వారం రోజులు యుద్ధం నడిచింది. అచ్చయిన వరసలో చదవాలని కొందరు, కథ జరిగిన కాలం వరసలో చదవాలని కొందరు. ఆ యుద్ధంలో పాల్గొన్నవాళ్ళెవరూ ఏ వరసలోనూ చదవలేదు. అందుకే అంత ధైర్యంగా కొట్టుకున్నారు.

ఒకటోది తిరిగిచ్చిన తర్వాతే రెండోది ఇవ్వాలని నియమం పెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. నిజంగా చదివారో లేదో తేల్చడానికి చిన్న ప్రశ్న కూడా అడిగేవాణ్ణి: "అయిదో రాజు ఎలా చనిపోయాడు?" జవాబు నాకు తెలుసు, ఇరవై రెండో పేజీలో ఉంది. ఆర్టీసీ కండక్టరు ఒకాయన ఇరవై మూడోది అడిగాడు. దాని అట్టమీద టికెట్ల సంచీ వేసుకున్న దెయ్యం బొమ్మ ఉంది. ఒకటోది చేతిలో పెట్టాను.

"ఏంది సార్ ఇది" అన్నాడాయన. "బస్సెక్కేటోళ్ళందర్నీ డిపోకొచ్చి ఎక్కమంటే ఎట్టా? మధ్య స్టాపుల్లో ఎక్కితే ఊరు రాదా?"

గది మొత్తం వినేలా "ఉష్" అన్నాను. మళ్ళీ రాలేదు.

మాస్టారు మాత్రం రోజూ మూడింటికి వచ్చేవాడు. కర్ర బల్లకు ఆనించి, చెవి కాస్త పక్కకు వంచి, అయిదింటిదాకా కూర్చునేవాడు. వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గర ఆగేవాడు.

"ఎవురన్నా నవ్వారా?"

"ఇంకా మొదటిదాంట్లో ఉన్నారు మాస్టారూ."

"ఇంకా మొదటిదాంట్లోనే?"

రోజూ ఇవే మూడు వాక్యాలు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, మళ్ళీ ఎండాకాలం. మా అటెండరు, యాభై దాటిన మనిషి, ఊడ్చేటప్పుడు ఒకసారి నాకు మాత్రమే వినపడేలా అంది: "సార్, పెద్దాయనకి ఆ మాట చెప్పటానికి బదులు మీరే ఒకసారి నవ్వరాదా? పీడాబోద్ది." విననట్టు రిజిస్టరు తిరగేశాను.

చివరికి ఒకరోజు నిజంగానే నవ్వు వినపడింది.

గురజాల వైపు పల్లె నుంచి వచ్చి, మా ఊళ్ళో మేనత్త ఇంట్లో ఉండి కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునే అమ్మాయి ఒకతె ఉండేది. ఆ మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని వెనకగదిలోకి వెళ్ళి, ర్యాకులోంచి చేతికందిన పుస్తకం లాక్కుని, నిలబడే చదువుతోంది. పంతొమ్మిదోది. ముందు ముక్కుతో నవ్వింది, తర్వాత నోరు మూసుకుని నవ్వింది, తర్వాత మూసుకున్న నోటిని దాటుకుని నవ్వొచ్చేసింది. నేను లేచి వెళ్ళాను. వేలు ఎత్తాను. "ఉష్!" పుస్తకం లాక్కున్నాను. ఒకటోది ఇచ్చాను. "చార్టు చూళ్ళేదామ్మా?" అన్నాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

ముందుగదిలోకి వచ్చేసరికి మాస్టారు కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు.

"ఎవురయ్యా? ఏ పుస్తకం? ఎన్నోది?"

పంతొమ్మిదోదని చెబితే, ఆ పిల్ల ఏదని అడుగుతాడు, లాక్కున్నానని చెప్పాలి, వరస సంగతి బయటపడుతుంది. ఇదంతా ఒక్క క్షణంలో లెక్కవేసుకుని అన్నాను: "పుస్తకం కాదు మాస్టారూ. ఏదో ఫోన్‌లో చూసి నవ్వింది."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఆ పిల్ల రెండు రోజుల తర్వాత ఒకటోది నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. గ్రంథాలయానికి రావడం మానేసింది. ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాలు చాలా ఉన్నాయి. సెలవుచీటీల్లో, పైవాళ్ళకిచ్చిన జవాబుల్లో. అవేవీ గుర్తులేవు. ఇదొక్కటే గుర్తుంది.

ఇక అసలు రోజు. ఒక సోమవారం మధ్యాహ్నం జిల్లా నుంచి అధికారి వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు. పరీక్షల పుస్తకాలకు, కంప్యూటరు బల్లలకు చోటు కావాలి. ఎవరూ తీసుకోని పుస్తకాలు ర్యాకుల్లోంచి తీసేయాలి. ఏది ఎవరూ తీసుకోలేదో తెలుసుకోవడం తేలిక. అట్ట తిప్పి తేదీల చీటీ చూస్తే చాలు. ఆయన ఒకటోది తీశాడు. చీటీ నిండా ముద్రలు, వెనక ఇంకో చీటీ అంటించి మరీ ముద్రలు. రెండోదానిమీద మూడు. మూడోదానిమీద ఒకటి, అది మా అటెండరు నన్ను ఊరుకోబెట్టడానికి తీసుకెళ్ళి చదవకుండా తెచ్చింది. నాలుగు నుంచి నలభై రెండు దాకా చీటీలు కడిగిన పళ్ళేల్లా ఉన్నాయి.

"చిత్రంగా ఉందండీ" అన్నాడు. "మొదటిది ఇంతమంది చదివి, రెండోది ఎందుకు ముట్టుకోలేదు? సరే. నాకు చదవాలని ఉంది. మీకు బాగా నవ్వొచ్చింది ఏదో చెప్పండి, దాంతో మొదలుపెడతాను. మీరు బాగుందంటే మొత్తం ఉంచేద్దాం."

చూశారా, ఎంత చిన్న ప్రశ్నో. ఏదో ఒక అంకె చెప్పినా గట్టెక్కేవాణ్ణి. అందుకు బదులు చెయ్యెత్తి చార్టు చూపించాను.

ఆయన దాని దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేలా చదివాడు: "పాఠకులు తప్పనిసరిగా ఒకటవ పుస్తకముతోనే ప్రారంభించవలెను." తర్వాత నావైపు తిరిగి, "నేనడిగింది ఇది కాదు కదండీ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "శుక్రవారం వ్యాన్ వస్తుంది. ఇవన్నీ కట్టలు కట్టించండి. పాఠకుల దగ్గర ఉన్నవి తప్ప ర్యాకులో ఉన్నవన్నీ వేసెయ్యండి."

ఆ చార్టు కిందే కూర్చుని ఉన్నాడు మాస్టారు. అధికారి వెళ్ళాక మెల్లగా లేచాడు. చేత్తో గోడ తడుముకుంటూ చార్టు దొరికేదాకా వెళ్ళాడు. దాన్ని పైనుంచి కిందికి నిమిరాడు.

"నున్నగా ఉందే. లామినేషన్ చేయించావా?"

"చేయించాను మాస్టారూ."

"ఎన్నాళ్ళయింది?"

"మీరు పుస్తకాలు ఇచ్చిన నెలలోనే."

"ఊఁ" అన్నాడు. కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు "ఎవురన్నా నవ్వారా" అని అడగలేదు.

మర్నాడు ఆయన రాలేదు. కట్టలు కట్టడానికి తాడు ముందేసుకుని కూర్చున్నాను. పైన పంతొమ్మిదోది కనపడింది. ఆ పిల్ల ఎక్కడ నవ్విందో చూద్దామని తెరిచాను. చనిపోయినట్టు ధ్రువపత్రం కావాలని ఒక దెయ్యం కచేరీకి వస్తుంది. మనిషి స్వయంగా వచ్చి కనపడాలంటాడు గుమాస్తా. "వచ్చాను కదా" అంటుంది దెయ్యం. "రావడం కాదు, కనపడాలి." "కనపడితే మీరు కుర్చీలో ఉండరు కదండీ, మరి సంతకం ఎవరు పెడతారు?" గుమాస్తా చాలాసేపు ఆలోచించి, తాను కుర్చీలో లేనప్పుడు రమ్మని రాసిస్తాడు.

నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆ గుమాస్తా కుర్చీలోనే కూర్చున్నవాణ్ణి కాబట్టి కొంచెం ఎక్కువే వచ్చింది. బల్లమీద తల పెట్టుకుని నవ్వాను. కళ్ళు తుడుచుకుని తలెత్తితే, ముందుగదిలోంచి గ్రూప్స్ పరీక్షకు చదివే కుర్రాడొకడు చూపుడువేలు పెదవుల దగ్గర పెట్టి నన్నే చూస్తున్నాడు.

"సార్. సైలెన్స్."

అచ్చం నాలాగే అన్నాడు. బాగా నేర్పానని గర్వపడాలో ఏమో.

వాడు అంత మాటన్నాక తాడు పక్కన పెట్టాను. అధికారి చెప్పింది గుర్తొచ్చింది: పాఠకుల దగ్గర ఉన్నవి తప్ప. అంటే శుక్రవారం లోపల ఇవి ర్యాకులో ఉండకూడదు. సంచీలో పది పుస్తకాలు వేసుకుని, ముద్ర, సిరాప్యాడు జేబులో పెట్టుకుని వీధిలో పడ్డాను. అటెండరు ఇంకో సంచీ తీసుకుంది.

ముందు బస్టాండు. కండక్టరును కనిపెట్టి ఇరవై మూడోది చేతిలో పెట్టాను. "అయిదో రాజు ఎట్టా సచ్చాడో చెప్పాలా సార్?" అన్నాడు. "వాడు చావలేదనుకో, నీ స్టాపులో నువ్వెక్కు" అన్నాను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, తోటి డ్రైవర్లకని ఇంకో రెండు తీసుకున్నాడు. మంగలిషాపులో నాలుగు, మిల్లు దగ్గర మూడు, చర్చి పక్కనుండే టీచరమ్మకు రెండు, కచేరీ ఎదురుగా దస్తావేజులు రాసే ఆయనకు దెయ్యం ధ్రువపత్రాల రకానివే వెతికి మూడు. సంచీలు ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ నింపుకుని మూడు రోజులు తిరిగాం. కార్డు లేనివాళ్ళకు అక్కడికక్కడే సభ్యత్వం రాశాను. అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "ముందువి చదవకపోతే అర్థమవుద్దా?" "తెలీదు. నాకు అర్థమైంది" అన్నాను. ఒక పుస్తకం గురించి నేను చెప్పిన మొదటి నిజం అదేననుకుంటాను.

గురువారం సాయంత్రం మేనత్త ఇల్లు కనుక్కుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి పంతొమ్మిదోది చాపాను.

"ఒకటోది మళ్ళీ చదవాలా సార్?" అంది, చెయ్యి చాపకుండా.

"వద్దమ్మా. అది నేనూ చదవలేదు."

"మరి ఆ రోజు నా చేతిలోంచి గుంజుకున్నారుగా."

"గుంజుకున్నాను. తప్పు చేశాను. పైగా నువ్వు ఫోన్ చూసి నవ్వావని పెద్దాయనకు చెప్పాను."

"నా దగ్గర బటన్ ఫోనే సార్" అంది. పుస్తకం తీసుకుని వేళ్ళతో పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ చీటీ పెట్టుందేంది?"

"ఇంకా నలభై పేజీలు ఉన్నాయి నాకు. తొందరగా చదివి ఇచ్చేస్తే..."

ఆ పిల్ల నవ్వింది. పుస్తకంలోది చదివి కాదు, నన్ను చూసి. సరేననుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే వ్యాన్ వచ్చింది. ఇతర పుస్తకాల కట్టలు కొన్ని ఎక్కాయి. అది వెళ్ళిన పావుగంటకు మాస్టారు వచ్చాడు. అది ఆయన వచ్చే వేళ కాదు. ఎవరినీ పలకరించకుండా వెనకగదిలోకి పోయాడు. కట్టలు పోకముందే ఒకసారి తాకి పోదామని వచ్చాడని తర్వాత అటెండరు చెప్పింది. నేను వెళ్ళేసరికి ఖాళీ ర్యాకు మీద చెయ్యి పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు ఇనుమును తడుముతున్నాడు.

"అన్నీ పొయినయ్యా?"

ముందు చెప్పాల్సింది ముందు చెప్పాను.

"మాస్టారూ, ఆ రోజు నవ్విన పిల్ల ఫోన్ చూసి నవ్వలేదు. పంతొమ్మిదోది చదువుతుంటే నేను లాక్కున్నాను. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసులేవయ్యా" అన్నాడు, చెయ్యి ర్యాకు మీంచి తీయకుండా. "ఫోన్ చూసి నవ్వే నవ్వు వేరు. అది లోపల్నుంచి రాదు. ఆ పిల్లది దెయ్యం కచేరీకొచ్చిన చోటు నవ్వు. నేనూ అక్కడే నవ్వా. నువ్వే చెప్తావని చూశా. చెప్పలా." నావైపు తిరిగాడు. "ఇంతకీ ఎక్కడేశార్రా నా పుస్తకాల్ని?"

ఆయన నన్ను "రా" అనడం అదే మొదటిసారి. బల్లమీద ఇష్యూ రిజిస్టరు తెచ్చి, నంబర్లూ మనుషులూ వరసగా చదివాను. కండక్టరు, డ్రైవర్లు, మంగలి, మిల్లువాళ్ళు, టీచరమ్మ. ఒక్కో మనిషి పేరు వినగానే, "వాడా? వాడు నా స్టూడెంటే, పరుగుపందెంలో అడ్డంపడి పరిగెత్తేవాడు" అంటుంటే ఆయన ముఖం విప్పారుతూ వచ్చింది. నలభై ఒకటి చదివాను.

"ఒకటి తక్కువొచ్చిందే" అన్నాడు.

"అవును మాస్టారూ. ఒకటి ర్యాకులో మిగిలింది. నాలుగు వీధులు తిరిగినా ఎవరూ తీసుకోలేదు. దాన్ని వ్యాన్ తీసుకుపోయింది."

"ఏదది?"

"ఒకటోది. చార్టులో చుట్టి ఇచ్చాను."

ఆయన ముందు ముక్కుతో నవ్వాడు. తర్వాత నోరు మూసుకుని నవ్వాడు. తర్వాత ర్యాకు పట్టుకుని, కర్ర కిందపడేసి, డ్రిల్లు గ్రౌండు మొత్తానికి వినపడే గొంతుతో నవ్వాడు. ముందుగదిలో పరీక్షల పిల్లలంతా తలలెత్తి నావైపు చూశారు, ఏదో ఒకటి చెయ్యమన్నట్టు. అలవాటుకొద్దీ నా చూపుడువేలు పెదవుల దాకా వచ్చింది.

దాన్ని జేబులో పెట్టుకున్నాను.